నమూనా గూడ్సు వ్యాగన్‌కు పొడవాటి కప్లర్: ఆ మూడు మిల్లీమీటర్ల వెనుక లెక్క

అమెరికా గూడ్సు రైళ్ల ఫొటోలను శ్రద్ధగా చూస్తే వ్యాగన్ల మధ్య ఎడం అంతటా ఒకేలా ఉండదని తెలుస్తుంది. బొగ్గు వ్యాగన్లు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. కొత్త కార్లను అంతస్తులుగా పేర్చుకుని వెళ్లే 89 అడుగుల వ్యాగన్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కప్లర్, అంటే వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే కొక్కెం, చివరి దూలాన్ని దాటి బాగా ముందుకు పొడుచుకు వచ్చి, రెండు వ్యాగన్ల మధ్య ఒక మనిషి నిలబడేంత ఖాళీ కనిపిస్తుంది. ఇదే వ్యాగన్‌కు ఇంట్లో పట్టాల మీద నడిపే చిన్న బొమ్మ నమూనాను పెట్టెలోంచి తీసి చూస్తే, చాలాసార్లు దాని కప్లర్ బొగ్గు వ్యాగన్ కప్లర్ లాగే గోడకు అతుక్కుని ఉంటుంది. తేడా కంట పడ్డాక దాన్ని సరిచేయకుండా ఉండడం ఈ అభిరుచి ఉన్నవారికి కష్టం. సరిచేశాక, సూటిదారిలో చక్కగా నడిచిన రైలు పక్క పట్టాల మీదికి మళ్లేచోట పడిపోవడం చూసి విస్తుపోవడమూ మామూలే.

ఈ వైఫల్యానికి కారణం చేతి పనిలో లోపమని అనుకుంటాం కానీ, నా ఉద్దేశంలో అసలు కారణం ఇలా పొడుచుకు వచ్చే కప్లర్‌కు ఉన్న 'కుషన్ కప్లర్' అనే పేరులోనే ఉంది. అసలు వ్యాగన్‌లో ఆ అమరిక దెబ్బను మింగుతుంది, దెబ్బను మింగడానికి చోటు కావాలి కనుక బయటికి పొడుచుకు వస్తుంది, వ్యాగన్ పొడవైనది కనుక వంపులో పక్కలకు ఎక్కువగా తిరుగుతుంది. వీటిలో మొదటి పనిని నమూనాలోకి తేవాలనుకోవడం ఒక పొరపాటు. మిగిలిన రెండూ ఒకటేనని, ఒకటి చేస్తే రెండోది దానంతటదే సమకూరుతుందని అనుకోవడం అంతకంటే పెద్ద పొరపాటు.

ముందుగా అసలు వ్యాగన్ సంగతి చూద్దాం. పిడికిలి ఆకారపు స్వయంచాలక కప్లర్‌కు ఎలై జానీ 1873లో పేటెంటు పొందాడు. 1893 నాటి భద్రతా చట్టం తర్వాత అమెరికా రైళ్లన్నింటికీ ఆ తరహా కప్లర్ తప్పనిసరి అయింది. విశాఖ రేవుకు ఇనుప ఖనిజం తెచ్చే మన వ్యాగన్ల చివర కనిపించే సెంటర్ బఫర్ కప్లర్ కూడా ఆ వంశానిదే. ఆ కప్లర్ వెనుక, వ్యాగన్ అడుగున ఉన్న దూలంలో, దెబ్బను కొంత తట్టుకునే డ్రాఫ్ట్ గేర్ అనే భాగం ఉంటుంది. అది సుమారు 3 అంగుళాలు మాత్రమే కదులుతుంది. బొగ్గుకూ కంకరకూ ఆ మాత్రం చాలు. రిఫ్రిజిరేటర్లకు, గాజు సామానుకు, కాగితపు చుట్టలకు, కార్ల విడిభాగాలకు అది చాలదు. షంటింగ్ యార్డులో ఒక వ్యాగన్ గంటకు 4 మైళ్ల వేగానికి బదులు 8 మైళ్ల వేగంతో వచ్చి తగిలితే, అది మోసుకొచ్చే శక్తి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. ఆ శక్తినంతా 3 అంగుళాల దూరంలో ఆపాలంటే సరుకు మీద పడే బలం విపరీతంగా పెరుగుతుంది. అదే శక్తిని 10 అంగుళాల్లో ఆపితే బలం మూడో వంతు కంటే తగ్గుతుంది, 20 అంగుళాల్లో ఆపితే ఏడో వంతుకు దిగుతుంది. కుషన్ అమరిక వెనుక ఉన్న సూత్రం ఇంతే: కదలడానికి ఎక్కువ దూరం ఇవ్వడం, ఆ దూరం పొడవునా దెబ్బను నూనె ద్వారా వేడిగా మార్చేయడం.

సరుకు నష్టానికి చెల్లించే పరిహారాలతో విసిగిన సదరన్ పసిఫిక్ రైల్వే 1950లలో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థతో కలిసి హైడ్రా-కుషన్ అనే అమరికను తయారు చేయించింది. ఇందులో కప్లర్లు రెండూ ఒకే పొడవాటి దూలానికి బిగించి ఉంటాయి, ఆ దూలం వ్యాగన్ అడుగున ఉన్న మరో స్థిరమైన దూలం లోపల జారుతుంది, మధ్యలో హైడ్రాలిక్ సిలిండర్ దాన్ని నిలదొక్కుకునేలా చేస్తుంది. ఒక చివర దెబ్బ తగిలితే ఆ కప్లర్ లోపలికి పోతుంది, అవతలి చివర కప్లర్ అంత మేరకు బయటికి వస్తుంది. తర్వాత వచ్చిన రెండో పద్ధతిలో దూలం జారదు. వ్యాగన్ రెండు చివర్లలోనూ విడివిడిగా 10 లేదా 15 అంగుళాలు కదిలే హైడ్రాలిక్ యూనిట్లు ఉంటాయి. రెండు పద్ధతుల్లోనూ కప్లర్ తల ఎంత దూరం లోపలికి పోవాలో, తీరిగ్గా ఉన్నప్పుడు కనీసం అంత దూరం ముందుకు ఉండాలి, లేకపోతే తల వెళ్లి చివరి దూలాన్ని గుద్దుకుంటుంది. ఫొటోలో మనకు కనిపించే పొడవుకు కారణం అదే.

దీనితోపాటు చిన్న చిన్న మార్పులూ వచ్చాయి. కప్లర్ కదులుతుంది కనుక బ్రేకుల గాలి గొట్టాన్ని వ్యాగన్ చివరి దూలానికి బిగించి వదిలేయడం కుదరదు, అది కప్లర్‌తోపాటు వెళ్లేలా కప్లర్‌కే వేలాడదీస్తారు. కప్లర్‌ను విడదీసే పిడి కూడా ఆ కదలికకు సరిపడే పొడవుతో, జారే ఏర్పాటుతో ఉండాలి. నమూనాలో కప్లర్‌ను ముందుకు జరిపి ఈ రెండింటినీ పాత చోటే వదిలేస్తే, తెలిసినవాడి కన్ను ముందు అక్కడే ఆగుతుంది.

అసలు రైళ్లలోనే ఈ కుషన్లు ఉచితంగా రాలేదు. ప్రతి చివరా 10 అంగుళాలు కదిలే వ్యాగన్లు నూరు కలిసి ఒక రైలైతే, లెక్క ప్రకారం దాని పొడవు 2,000 అంగుళాలు, అంటే సుమారు 166 అడుగుల మేర సాగడానికీ ముడుచుకోవడానికీ వీలుంటుంది. ఇంజను బ్రేకు వేసినప్పుడు ఆ ఖాళీ అంతా ఒక అలలా వెనక్కి నడుస్తుంది. మన ఎల్‌హెచ్‌బీ పెట్టెల్లో ప్రయాణించినవారికి కప్లర్ల మధ్య కాస్తంత ఖాళీయే ఎలాంటి కుదుపునిస్తుందో అనుభవమే. దీన్ని దానికి ఎన్నో రెట్లు ఊహించుకోవాలి. అందుకే తర్వాతి రకాల్లో కొంత బలం పడేదాకా కదలకుండా ముందే బిగువు ఉంచే ఏర్పాటు చేశారు.

ఇప్పుడు నమూనాకు వద్దాం. అమెరికాలో ఎక్కువగా వాడే హెచ్‌ఓ కొలత 1:87. అసలులో ఒక అడుగు నమూనాలో 3.5 మిల్లీమీటర్లు. ఆ లెక్కన 10 అంగుళాల కదలిక 2.9 మి.మీ., 15 అంగుళాలు 4.4 మి.మీ., 20 అంగుళాలు 5.8 మి.మీ. అవుతాయి. నలుసంత కొలతలు, కానీ 31 సెంటీమీటర్ల వ్యాగన్ చివర 3 మి.మీ. తేడా కంటికి స్పష్టంగా తెలుస్తుంది.

ఈ 3 మి.మీ. నిజంగానే లోపలికీ బయటికీ కదిలేలా స్ప్రింగు పెడితే ఎంత బాగుంటుందని చాలామందికి తోస్తుంది. నాకూ తోచింది, ఒక వ్యాగన్‌కు చేసి చూశాను కూడా. ఒక్క వ్యాగన్‌ను చేత్తో నెట్టి తగిలించినప్పుడు కనువిందుగానే ఉంటుంది. ఇబ్బంది ఏమిటంటే, అసలు వ్యాగన్‌లో ఉన్నది నూనెతో పనిచేసే డ్యాంపర్, అది శక్తిని తినేస్తుంది; నమూనాలో మనం పెట్టేది వట్టి స్ప్రింగు, అది శక్తిని దాచుకుని తిరిగి ఇచ్చేస్తుంది. పేరు ఒకటే అయినా రెండూ వ్యతిరేక స్వభావం గలవి. అలాంటి ముప్పై వ్యాగన్లను ఇంజను లాగుతున్నప్పుడు మొదటి కప్లర్ మీద రైలు మొత్తం బరువూ పడి స్ప్రింగు పూర్తిగా సాగుతుంది, చివరి కప్లర్ మీద ఒక్క వ్యాగన్ లాగుడే ఉంటుంది. ఎక్కుడు రాగానే సాగుడు మారుతుంది, దిగుడు రాగానే వెనుక వ్యాగన్లు ముందుకొచ్చి గుద్ది మళ్లీ వెనక్కి ఎగురుతాయి. హెచ్‌ఓ కంటే చిన్నదైన ఎన్-స్కేలు కొలతకు మైక్రో-ట్రెయిన్స్ సంస్థ చేసే కప్లర్లలో స్ప్రింగు రైలు పొడవు దిశలో పనిచేయడం వల్ల రైలు చివరి వ్యాగన్లు వానపాములా సాగుతూ ముడుచుకుంటూ నడవడం ఆ కొలత వాడేవారందరికీ తెలిసిన తలనొప్పి. ఒక ఇంటి బల్ల మీద, మిల్లీమీటర్ల కొలతలో, నూనె డ్యాంపర్‌ను నమ్మకంగా పనిచేయించడం జరిగే పని కాదు. కాబట్టి కుషన్‌ను చూపించాలి కానీ పనిచేయించకూడదు. కప్లర్ బయటికి పొడుచుకు వచ్చిన స్థితిలో గట్టిగా నిలవాలి.

అసలైన చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. కప్లర్ తలను 3 మి.మీ. ముందుకు తేవడానికి రెండు దారులున్నాయి. కప్లర్ కూర్చునే పెట్టెనే 3 మి.మీ. ముందుకు జరపవచ్చు, లేదా పెట్టెను ఉన్నచోటే ఉంచి, అందులో పొడవు కాడ (తలను పెట్టెలోని ఇరుసుకు కలిపే భాగం) గల కప్లర్‌ను వేయవచ్చు. బయటి నుంచి చూస్తే ఫలితం ఒకటే. వంపులోకి వెళ్లాక రెండూ రెండు రకాలుగా ప్రవర్తిస్తాయి.

ఎందుకో చూడాలంటే కొంచెం జ్యామితి తప్పదు. వ్యాగన్‌ను మోసే చక్రాల చట్రాన్ని మన రైల్వే భాషలో బోగీ అంటారు. ప్రయాణికుల వాడుకలో బోగీ అంటే పెట్టె మొత్తం కాబట్టి ఇక్కడ అమెరికా మాట ట్రక్కునే వాడుతున్నాను. వంపులో రెండు ట్రక్కుల కేంద్రాలు పట్టాల నడిమధ్యన ఉంటాయి, వాటికి అవతల ఉన్న వ్యాగన్ చివర మాత్రం వంపు బయటి వైపుకు తోసుకుపోతుంది. ఎంత తోసుకుపోతుందో సుమారుగా చెప్పడానికి తేలికైన సూత్రం ఉంది: వ్యాగన్ మధ్య నుంచి కప్లర్ తిరిగే ఇరుసు దాకా ఉన్న దూరపు వర్గంలోంచి, మధ్య నుంచి ట్రక్కు కేంద్రం దాకా ఉన్న దూరపు వర్గాన్ని తీసివేసి, వచ్చినదాన్ని వంపు వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగించాలి.

89 అడుగుల వ్యాగన్‌ను తీసుకుందాం. దాని ట్రక్కుల మధ్య దూరం సుమారు 66 అడుగులు. నమూనాలో మధ్య నుంచి ట్రక్కు 115.5 మి.మీ. దూరంలో, చివర 155.8 మి.మీ. దూరంలో ఉంటాయి. ఇంట్లో సాధారణంగా వేసే 24 అంగుళాల, అంటే 610 మి.మీ. వ్యాసార్ధపు వంపులో, ఇరుసు సరిగ్గా వ్యాగన్ చివరనే ఉందనుకుంటే అది పట్టాల మధ్య నుంచి దాదాపు 9 మి.మీ. బయటికి జరుగుతుంది. పక్కన ఉన్నది పాత 40 అడుగుల బాక్స్ వ్యాగన్ అయితే దాని ఇరుసు 2 మి.మీ. లోపే జరుగుతుంది. రెండింటికీ 7 మి.మీ.కి పైగా తేడా. ఆ తేడాను కప్లర్ కాడలు పక్కకు తిరిగి భర్తీ చేయాలి. రెండు ఇరుసుల మధ్య దూరం 20 మి.మీ. అయితే ఆ అమరిక సుమారు 21 డిగ్రీలు వాలాలి, 30 మి.మీ. అయితే 14 డిగ్రీలు చాలు.

ఇప్పుడు ఆ రెండు దారులను పోల్చవచ్చు. పెట్టెను 3 మి.మీ. ముందుకు జరిపితే ఇరుసు కూడా ముందుకు పోతుంది, వంపులో అది ఇంకో ముప్పావు మిల్లీమీటరు బయటికి జరుగుతుంది, కాడ పొడవు మాత్రం పెరగదు. అంటే సరిచేయవలసిన తేడా పెరిగింది, సరిచేసే సాధనం పాతదే. కాడను పొడిగిస్తే తేడా పెరగదు, తిరగవలసిన కోణం తగ్గుతుంది. ఇంకా ఒక అడుగు ముందుకు వేసి, పెట్టెను 6 మి.మీ. లోపలికి జరిపి 9 మి.మీ. పొడవు ఎక్కువ ఉన్న కాడ వేస్తే, బయటికి కనిపించే పొడవు అంతే ఉంటుంది, ఇరుసు పక్కకు జరిగే దూరం 9 నుంచి ఏడున్నర మి.మీ.కు తగ్గుతుంది. అసలు వ్యాగన్లు చేసేది కూడా దీన్నే: పొడవాటి వ్యాగన్లలో కప్లర్ కాడ చాలా లోపల, చివరి దూలానికి బాగా వెనుక ఇరుసు మీద తిరుగుతుంది. మనం చూపు కోసం బయటి వైపును అనుకరిస్తూ, పనికి అవసరమైన లోపలి వైపును మరిచిపోతాం.

ఈ కోణం అందానికి సంబంధించినది మాత్రమే కాదు. రైలును వెనక్కి నెట్టేటప్పుడు, వాలిన కప్లర్ గుండా వెళ్లే తోపులో కొంత భాగం పక్కకు పనిచేస్తుంది. 21 డిగ్రీల దగ్గర అది నెట్టే బలంలో మూడో వంతు దాటుతుంది, 14 డిగ్రీల దగ్గర నాలుగో వంతు. తేలికైన వ్యాగన్‌ను పట్టాల మీంచి ఎత్తి పడేయడానికి ఆ తేడా చాలు.

వంపు ఒకే వైపుకు ఉంటే, రెండు 89 అడుగుల వ్యాగన్లు జతగా వెళ్లడం నిజానికి తేలికే, రెండు చివరలూ ఒకే వైపుకు ఒకే మేరకు జరుగుతాయి కాబట్టి. పరీక్ష అంతా ఒక పట్టా నుంచి పక్క పట్టాకు మళ్లే క్రాసోవర్ దగ్గర, ఎడమ వంపు వెంటనే కుడి వంపు వచ్చే చోట ఉంటుంది. మధ్యలో సూటి ముక్క లేకపోతే ఒక వ్యాగన్ చివర ఇటు 9 మి.మీ., ఇంకో వ్యాగన్ చివర అటు 9 మి.మీ. జరిగి, తేడా 18 మి.మీ. దాకా పోతుంది. ఇంత తేడాను ఏ కాడా సర్దుకోలేదు. దీనికి మందు కప్లర్‌లో లేదు. ఆ రెండు వంపుల మధ్య కనీసం ఒక వ్యాగన్ పొడవు సూటి దారి వేయడమే మార్గం. వంపు వ్యాసార్ధం పొడవాటి వ్యాగన్‌కు మూడు రెట్లు ఉండాలనే పాత వాడుక కూడా ఈ అనుభవాల నుంచి పుట్టినదే. 89 అడుగుల వ్యాగన్‌కు అది సుమారు 37 అంగుళాలు. అంత చోటు ఉన్న ఇళ్లు తక్కువ, అందుకే ఈ కాడ పొడవు తగాదా.

యూరప్ వాళ్లు ఇదే సమస్యను మరో వైపు నుంచి విప్పారు. వాళ్ల నమూనాల్లో చాలా వాటికి కప్లర్ ఒక చిన్న మార్గంలో జారుతుంది. సూటిదారిలో వ్యాగన్లు దాదాపు తాకుతూ ఉంటాయి, వంపు రాగానే కప్లర్ పక్కకు తిరుగుతూ తనంతట తాను బయటికి సాగుతుంది. చాలా చక్కటి ఆలోచన. కానీ అక్కడ లక్ష్యం ఎడాన్ని తగ్గించడం. మనకు ఇక్కడ ఎడం కనిపించడమే కావాలి.

ఇక పని చేసే తీరు. అమెరికా నమూనాలకు కేడీ సంస్థ కప్లర్లు వాడుక ప్రమాణంగా స్థిరపడ్డాయి. ఒరెగాన్‌లోని ఆ సంస్థ పేరు దాన్ని స్థాపించిన కీత్, డేల్ ఎడ్వర్డ్స్ సోదరుల పేర్ల మొదటి అక్షరాల నుంచి వచ్చింది. వాళ్ల 5వ నంబరు, దాని తర్వాతి రూపమైన 148 మధ్యరకం కాడ గలవి. 146 పొడవు కాడది. తల అసలు కొలతకు దగ్గరగా చిన్నదిగా ఉండాలంటే 158, పొడవు కాడతో 156 ఉన్నాయి. కుషన్ వ్యాగన్‌కు నేను మొదట చేయి చాచేది 156 వైపుకే, ఎందుకంటే ముందుకు పొడుచుకు వచ్చిన తల మరింత కంటపడుతుంది, పెద్ద తల అక్కడ మోటుగా ఉంటుంది. అయితే చిన్న తల కప్లర్‌కు ఎగుడుదిగుడు పట్టాలను క్షమించే గుణం తక్కువ. పట్టాలు నమ్మకంగా లేనిచోట 146 మంచిది.

పాత కిట్లలో కప్లర్ ట్రక్కుకే బిగించి ఉంటే, దాన్ని కోసి తీసేసి పెట్టెను వ్యాగన్ అడుగుకు మార్చాలి. ట్రక్కుకు బిగించిన కప్లర్ లాగేటప్పుడు బాగానే ఉంటుంది కానీ నెట్టేటప్పుడు ట్రక్కునే పక్కకు తిప్పుతుంది. పెట్టెను కొత్త చోట బిగించే ముందు ట్రక్కును పూర్తిగా రెండు వైపులా తిప్పి చూడాలి. పెట్టె లోపలికి జరిగితే ట్రక్కు చివరి చక్రాల ఇరుసు, చక్రాల అంచులు దానికి తగలవచ్చు, ఆ తాకిడి సూటిదారిలో అసలు తెలియదు. తగిలితే పెట్టె వెనుక చెవులను ఆకురాయితో కొంచెం అరగదీయాలి. చట్రం లోహానిదైతే కప్లర్ పెట్టె ప్లాస్టిక్‌దే ఉండాలి, లేకుంటే రెండు పట్టాల కరెంటు లోహపు కప్లర్ల గుండా కలిసే ప్రమాదం ఉంది. బిగించడానికి 2-56 కొలత సన్నని మర (స్క్రూ) సరిపోతుంది, దానికి 1.78 మి.మీ. రంధ్రం తొలిచి మర కోయాలి. జిగురుతో అతికిస్తే పని త్వరగా అవుతుంది, కానీ ఒకసారి తప్పిన కొలతను సరిదిద్దుకునే అవకాశం పోతుంది. పైగా జిగురు బొట్టు పెట్టెలోకి జారితే కప్లర్ తిరగడమే ఆగిపోతుంది.

ఎత్తు విషయంలో రాజీ పనికిరాదు. హెచ్‌ఓలో కప్లర్ మధ్య భాగం పట్టా పైనుంచి అంగుళంలో 64 భాగాలకు 25 భాగాల ఎత్తున, అంటే సుమారు 9.9 మి.మీ. దగ్గర ఉండాలి, కేడీ 205 ఎత్తు కొలబద్దతో దీన్ని చూడవచ్చు. పొడవు కాడ విషయంలో దీనికి అదనపు ప్రాముఖ్యం ఉంది. పెట్టెలో వెంట్రుకవాసి వదులున్నా, కాడ ఎంత పొడవైతే తల అంత ఎక్కువగా కిందికి వాలుతుంది. పొట్టి కాడలో కనిపించని ఆ వాలు వల్ల ఇక్కడ ఒక తల ఇంకో తల నుంచి జారిపోయి, ఎక్కుడు మొదలయ్యే చోట రైలు రెండుగా విడిపోతుంది. పెట్టె లోపల కాడ కింద పలుచటి ప్లాస్టిక్ రేకు వేసి ఆ వాలు తీసేయాలి. తర్వాత లోపల పొడి గ్రాఫైట్ చల్లాలి కానీ నూనె వేయకూడదు, నూనె దుమ్మును పట్టుకుంటుంది.

బయటి రూపం ఇందులో సరదా అయిన భాగం. పొడుచుకు వచ్చిన కాడను ఊరికే వదిలేస్తే అది పొడవైన కప్లర్ లాగే ఉంటుంది, కుషన్ లాగా ఉండదు. అసలు వ్యాగన్‌లో చివరి దూలం నుంచి ఒక బలమైన గూడు ముందుకు వచ్చి కప్లర్‌కు ఆధారంగా ఉంటుంది. పలుచటి ప్లాస్టిక్ రేకులతో, కాడ పక్కలకు తిరగడానికి తగినంత వెడల్పు వదిలి ఆ గూడు కట్టాలి. పైభాగం, పక్కలు చూపిస్తే చాలు, అడుగు తెరిచి ఉంచవచ్చు. గూడును ఇరుకుగా కడితే ఇంత జ్యామితి చేసి సంపాదించిన తిరుగుడు అంతా పోతుంది. గాలి గొట్టానికి రబ్బరు గొట్టాన్ని కప్లర్ కింద వేలాడదీయాలి, గట్టి ప్లాస్టిక్ గొట్టం అయస్కాంతంతో విడిపోయే కప్లర్ కింది కమ్మికి అడ్డం వస్తుంది.

ఏ వ్యాగన్‌కు ఇది పనికొస్తుందో వ్యాగనే చెబుతుంది. సదరన్ పసిఫిక్ వాళ్లు హైడ్రా-కుషన్ అన్న మాటను, శాంటా ఫే వాళ్లు సూపర్ షాక్ కంట్రోల్ అన్న మాటను వ్యాగన్ పక్కలపై పెద్ద అక్షరాల్లో రాసుకున్నారు, అవి సరుకు యజమానులను ఆకర్షించే ప్రకటనలు కాబట్టి. 1960లలో కార్ల కర్మాగారాల కోసం వచ్చిన 10,000 ఘనపుటడుగుల 86 అడుగుల బాక్స్ వ్యాగన్లు, కార్లు మోసే 89 అడుగులవి, ఉక్కు చుట్టలు మోసేవి కుషన్ గలవే. బొగ్గు వ్యాగన్లకు, ట్యాంకర్లకు, ధాన్యం వ్యాగన్లకు సాధారణంగా అది ఉండదు. వాటికి పొడవు కప్లర్ వేస్తే తప్పును సరిదిద్దబోయి కొత్త తప్పు చేసినట్టు. డీఎఫ్ అని రాసి ఉన్న వ్యాగన్లను చూసి తొందరపడకూడదు: ఆ అక్షరాలు లోపల సరుకును కదలకుండా పట్టే అడ్డకర్రల ఏర్పాటుకు గుర్తు, కుషన్‌కు కాదు.

పని పూర్తయ్యాక ఆ వ్యాగన్‌ను ఒక 40 అడుగుల వ్యాగన్‌కు, ఇంకో 89 అడుగుల వ్యాగన్‌కు మధ్యన పెట్టి, వెనుక పదిహేను వ్యాగన్లు తగిలించి, లేఔట్‌లో, అంటే ఇంట్లో పరిచిన పట్టాల అమరికలో, అన్నిటికంటే ఇరుకైన క్రాసోవర్ మీదుగా నెమ్మదిగా వెనక్కి నెట్టి చూడాలి. ముందుకు లాగి చూసిన పరీక్ష దేన్నీ రుజువు చేయదు.